చోదకుని బరువు – ముందు ఫోర్కు స్ప్రింగు ఎంపిక: ‘టైట్’ అనే మాట వెనుక మూడు భావనలు

వ్యాససంగ్రహం:
మోటారుసైకిల్ ముందు భాగపు భారాన్ని మోసేవి ఫోర్కు గొట్టాలలోని రెండు స్ప్రింగులు. తయారీదారు వాటిని ఒక సగటు బరువును దృష్టిలో ఉంచుకొని ఎంపిక చేస్తాడు. ఆ సగటుకు దూరంగా ఉన్న చోదకుడు స్ప్రింగు మార్చుకోవాలా, మార్చుకుంటే ఎంత మేరకు అన్నది కొలిచి నిర్ణయించదగిన విషయం. అయితే మరమ్మతు దుకాణాలలో స్ప్రింగు దృఢతనూ, ముందొత్తునూ, నూనె కల్పించే అవరోధాన్నీ ‘టైట్’ అనే ఒకే మాటతో వ్యవహరించడం వల్ల ఒకదానికి బదులు మరొకటి మార్చడం జరుగుతోంది. ఈ మూడు భావనలను విడదీసి, బరువుకు తగిన స్ప్రింగును ఎంచుకొనే పద్ధతిని ఉదాహరణతో వివరించడం, అందుకు అవసరమైన తెలుగు పదాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ముందు ఫోర్కు, స్ప్రింగు దృఢత, ముందొత్తు, కుంగుడు, అవరోధం, వృత్తిపదాలు, విశాఖపట్నం.

1. ప్రవేశిక:

విశాఖపట్నం సముద్రానికీ కొండలకూ నడుమ పెరిగిన నగరం. సీతమ్మధార ప్రాంతంలో ఇంటి నుంచి కళాశాలకు వెళ్లే కొద్దిపాటి దూరంలోనే ఎత్తులు, పల్లాలు, వేగ నిరోధకాలు వరుసగా ఎదురవుతాయి. పల్లంలో దిగుతూ బ్రేకు వేసినప్పుడు మోటారుసైకిల్ ముందు భాగం ఒక్కసారిగా కిందికి వంగడం ఇక్కడి ద్విచక్రవాహన చోదకులకు నిత్యానుభవం.

ఈ వ్యాసకర్త బరువు 90 కిలోల దరిదాపు. ముందు భాగం మరీ ఎక్కువగా వంగుతోందని ఒక దుకాణంలో చెప్పినప్పుడు “ముందు షాకులు టైట్ చేస్తే సరిపోతుంది సార్” అన్న సమాధానం వచ్చింది. ఫోర్కు మూతల కింద చిన్న గొట్టపు ముక్కలు చేర్చారు. తరువాత బండి ముందు భాగం కొంచెం ఎత్తుగా నిలిచింది. చిన్న గతుకు కూడా చేతులకు తెలిసింది. కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు భాగం వంగడం ఆశించినంతగా తగ్గలేదు. పని చేసిన వారి నైపుణ్యంలో లోపం లేదు. వారు అన్న ‘టైట్’ ఒకటి, చోదకునికి కావలసిన ‘టైట్’ వేరొకటి. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ తేడాయే.

2. ఫోర్కులో జరిగే పని:

2.1 నిర్మాణం: నూనె అవరోధం గల టెలిస్కోపిక్ ఫోర్కు 1935లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్ 12 మోటారుసైకిల్‌తో ఉత్పత్తి వాహనాలలోకి వచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే సాధారణ మోటారుసైకిళ్లలో అత్యధికం ఈ నిర్మాణాన్నే అనుసరిస్తాయి. ఒక గొట్టంలో మరొక గొట్టం జారుతుంది. లోపల పొడవైన స్ప్రింగు, కొంత నూనె, నూనె పైన కొంత గాలి ఉంటాయి. చక్రానికి ఇరువైపులా రెండు ఫోర్కులు ఉన్నందున రెండు స్ప్రింగుల దృఢతలూ కలిసి పనిచేస్తాయి.

వాడుకలో ఈ మొత్తాన్నీ ‘షాకబ్జర్’ లేదా ‘షాకులు’ అంటారు. ఈ పేరులోనే మొదటి చిక్కు ఉంది. బరువును మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగిసలాటను అణిచేది నూనె. రెండు వేర్వేరు పనులకు ఒకే పేరు ఉన్నప్పుడు ఒకదాని లోపాన్ని మరొకదానికి ఆపాదించడం సులభమవుతుంది.

2.2 దృఢత: స్ప్రింగు సాగినా నొక్కుకున్నా అందులో పుట్టే బలం ఆ మార్పుకు అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. తెలుగు మాధ్యమ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ నిష్పత్తిని ‘బల స్థిరాంకం’ అంటాయి. ఈ వ్యాసంలో ‘దృఢత’ అని వ్యవహరిస్తున్నాం. ఒక స్ప్రింగును 1 మి.మీ. నొక్కడానికి 0.6 కిలోల భారం కావాలంటే దాని దృఢత మి.మీ.కు 0.6 కి.గ్రా. అటువంటివి రెండు కలిస్తే 1.2 కి.గ్రా.

దృఢత స్ప్రింగు రూపంలోనే ఇమిడి ఉంటుంది. అది తీగ మందం నాలుగవ ఘాతానికి అనులోమంగానూ, చుట్టు వ్యాసం మూడవ ఘాతానికి, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగానూ మారుతుంది. తీగ మందం 10 శాతం పెరిగితే దృఢత సుమారు 46 శాతం పెరుగుతుంది. 50 చుట్లను 40కి తగ్గిస్తే 25 శాతం పెరుగుతుంది. అంటే స్ప్రింగును కత్తిరిస్తే మిగిలిన ముక్క మెత్తబడదు, గట్టిపడుతుంది. పొట్టిదైతే బలహీనమవుతుందన్న సామాన్యుల ఊహకు ఇది విరుద్ధం.

2.3 ముందొత్తు: ఫోర్కు పూర్తిగా సాగి ఉన్నప్పుడు కూడా మూత బిగింపు వల్ల స్ప్రింగు కొంత నొక్కుకొని ఉంటుంది. మెకానిక్కులు ‘ప్రీలోడ్’ అనే దీనికి ‘ముందొత్తు’ అనే మాటను సూచిస్తున్నాం. మూత కింద గొట్టపు ముక్కో వాషరో చేర్చితే ముందొత్తు పెరుగుతుంది, దృఢత మారదు. ముందొత్తు పెంచిన స్ప్రింగు కూడా ప్రతి మి.మీ.కు పూర్వం లాగే అదే అదనపు బలాన్ని ఇస్తుంది. మారేది బండి ఏ ఎత్తులో నిలుస్తుందన్నది మాత్రమే.

2.4 అవరోధం: నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు చిన్న రంధ్రాల గుండా నూనె ప్రవహిస్తూ ఆ వేగాన్ని తగ్గిస్తుంది. పాఠ్యపుస్తకాలలో ‘అవరుద్ధ డోలనాలు’ అన్న మాట ఉంది గనుక దీనిని ‘అవరోధం’ అనవచ్చు. అవరోధం కదలిక ఉన్నంతసేపే పనిచేస్తుంది. నిలిచి ఉన్న బండి భారాన్ని నూనె మోయదు. కాబట్టి చిక్కటి నూనె పోస్తే ముందు భాగం నెమ్మదిగా వంగుతుందే తప్ప, బ్రేకు నొక్కి ఉంచితే చివరకు దాదాపు అంతే వంగుతుంది.

3. కుంగుడును కొలవడం:

స్ప్రింగు ఎంపికకు ఆధారం ఊహ కాదు, కొలత. చోదకుడు కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత దిగుతుందో దానిని ‘కుంగుడు’ అందాం. మామూలు రోడ్డు ప్రయాణానికి ఇది మొత్తం కదలిక నిడివిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉండడం ఆమోదయోగ్యమన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. కదలిక నిడివి 120 మి.మీ. అయితే కుంగుడు 30 నుంచి 40 మి.మీ. ఉండాలి. కుంగుడు అసలు లేకపోతే చక్రం గుంతలోకి దిగడానికి చోటు ఉండదు; టైరు నేలను విడుస్తుంది. మరీ ఎక్కువైతే గతుకు వచ్చినప్పుడు పైకి పోవడానికి చోటు మిగలదు.

కొలిచే పద్ధతికి ఇద్దరు సహాయకులు, ఒక టేపు చాలు.

మొదటగా, ముందు చక్రం నేలను తాకకుండా బండిని లేపి, ఫోర్కు మెరుపు గొట్టం బయటికి కనిపించే పొడవును కొలవాలి.

రెండవదిగా, చోదకుడు హెల్మెటు, సంచితో సహా ఎప్పుడూ కూర్చునే తీరులో కూర్చోవాలి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి. మరొకరు ముందు భాగాన్ని కిందికి నొక్కి, మెల్లగా వదిలి, అదే పొడవును కొలవాలి.

మూడవదిగా, ముందు భాగాన్ని పైకి ఎత్తి, మెల్లగా వదిలి మళ్లీ కొలవాలి. రాపిడి వల్ల ఈ రెండు కొలతలు వేరుగా ఉంటాయి. వాటి సగటును మొదటి కొలత నుంచి తీసివేస్తే కుంగుడు వస్తుంది.

ఇదే విధంగా చోదకుడు లేకుండా బండి మాత్రమే కుంగే కొలతను కూడా తీసుకోవాలి. దీని ప్రయోజనం తరువాతి విభాగంలో తెలుస్తుంది.

4. బరువుకు స్ప్రింగు: ఒక ఉదాహరణ:

ఈ క్రింది లెక్క వివరణ కోసం కల్పించినది. ఏ నిర్దిష్ట వాహనానిదీ కాదు. ఫోర్కు వాలు, లోపలి గాలి కలిగించే అదనపు బలం, రాపిడి ఇందులో చేర్చలేదు.

బండి బరువు 140 కిలోలు, ముందు స్ప్రింగుల మీద పడే బండి భారం 55 కిలోలు అనుకుందాం. నిటారుగా కూర్చునే చోదకుని బరువులో 35 శాతం ముందుకు పడుతుందనుకుందాం. రెండు స్ప్రింగుల ఉమ్మడి దృఢత మి.మీ.కు 1.2 కి.గ్రా., ముందొత్తు 25 మి.మీ., కదలిక నిడివి 120 మి.మీ.

60 కిలోల చోదకునికి ముందు భారం 55 + 21 = 76 కిలోలు. దానిని 1.2తో భాగించి ముందొత్తును తీసివేస్తే కుంగుడు సుమారు 38 మి.మీ. ఇది ప్రమాణంలోనే ఉంది. 90 కిలోల చోదకునికి ముందు భారం 86.5 కిలోలు, కుంగుడు 47 మి.మీ. ఇది ప్రమాణాన్ని దాటింది.

ఇప్పుడు గట్టిగా బ్రేకు వేసిన స్థితి చూద్దాం. బ్రేకు తీవ్రత గురుత్వ త్వరణంలో 0.8 వంతు, గరిమనాభి ఎత్తుకూ చక్రాల మధ్య దూరానికీ నిష్పత్తి 0.46 అనుకుంటే, ముందుకు తరలే అదనపు భారం తేలికైన చోదకునితో సుమారు 74 కిలోలు, బరువైన చోదకునితో సుమారు 85 కిలోలు. అప్పుడు ఫోర్కులో మిగిలే చోటు ఇలా ఉంటుంది.

60 కిలోల చోదకుడు, పాత స్ప్రింగు: 20 మి.మీ.
90 కిలోల చోదకుడు, ఏ మార్పూ లేదు: 2 మి.మీ.
90 కిలోల చోదకుడు, ముందొత్తు 9 మి.మీ. పెంచితే: 11 మి.మీ.
90 కిలోల చోదకుడు, ఒక్కో స్ప్రింగు 0.68 అయితే: 19 మి.మీ.

రెండవ వరుసలో ఫోర్కు దాదాపు అడుగంటింది. ఆ క్షణంలో చక్రం కింద గతుకు వస్తే దానిని మింగడానికి స్ప్రింగు లేదు; దెబ్బ నేరుగా హ్యాండిలుకు తగులుతుంది, టైరు పట్టు తగ్గుతుంది. పల్లంలో ముందు చక్రం మీద భారం ఇంకా పెరుగుతుంది గనుక కొండవాలు వీధులలో ఇది మరింత ప్రమాదకరం.

మూడవ, నాల్గవ వరుసలు ఈ వ్యాసానికి కేంద్రం. రెండింటిలోనూ చోదకుడు కూర్చున్నప్పటి కుంగుడు 38 మి.మీ. దరిదాపే. నిలిచి ఉన్న బండిని చూస్తే తేడా కనిపించదు. బ్రేకు వేసినప్పుడే తేడా బయటపడుతుంది. ముందొత్తు ఎత్తును సరిచేసింది; దృఢత ఎత్తుతో పాటు కదలికను కూడా సరిచేసింది. ప్రవేశికలో చెప్పిన అనుభవానికి కారణం ఇదే.

ఈ తేడాను బ్రేకు వేయకుండానే పసిగట్టే మార్గం చోదకుడు లేని కుంగుడు. ఇదే ఉదాహరణలో 60 కిలోల చోదకునికి సరిపోయిన మొదటి అమరికలో బండి మాత్రమే 21 మి.మీ. కుంగుతుంది. ముందొత్తు పెంచితే 12 మి.మీ., స్ప్రింగు మార్చితే 15 మి.మీ. చోదకునితో కుంగుడు సరిగా ఉండి, బండి మాత్రమే ఉన్నప్పుడు కుంగుడు మరీ తక్కువైతే, మెత్తని స్ప్రింగును ముందొత్తుతో నెట్టుకొస్తున్నామని అర్థం.

మరొక విశేషం గమనించాలి. చోదకుని బరువు 60 నుంచి 90కి, అంటే 50 శాతం పెరిగినా స్ప్రింగు దృఢత పెరగవలసింది 14 శాతం మాత్రమే. స్ప్రింగు మోసేది చోదకుని ఒక్కణ్నే కాదు, బండినీ మోస్తుంది. కాబట్టి కొత్త దృఢతను పాత దృఢత నుంచి రాబట్టడానికి చోదకుల బరువుల నిష్పత్తిని కాక, ముందు భారాల నిష్పత్తిని తీసుకోవాలి. ఈ భేదం తెలియక బరువుకు నేరుగా అనుపాతంలో స్ప్రింగును గట్టిపరిస్తే, చిన్న గతుకుల మీద చక్రం ఎగిరే బండి తయారవుతుంది.

5. ఎంపికలో పాటించవలసిన క్రమం:

5.1 మొదట పాత స్ప్రింగు స్థితి చూడాలి. ఏళ్ల తరబడి నొక్కుకున్న స్ప్రింగు పొడవు తగ్గుతుంది. బయటికి తీసిన స్ప్రింగు ఎంత పొడవుండాలో, ఎంతకు తగ్గితే మార్చాలో తయారీదారు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఆ హద్దు దాటితే కొత్త అసలు స్ప్రింగే సమస్యను తీర్చవచ్చు. ఆయిల్ సీళ్లు కారుతున్నా, నూనె తగ్గినా ముందు వాటిని సరిచేయాలి.

5.2 భారం ఎక్కడ పడుతోందో చూడాలి. వెనుక కూర్చునే వ్యక్తి బరువులో అధికభాగం వెనుక చక్రం మీద పడుతుంది. కుటుంబంతో ప్రయాణించేవారు వెనుక స్ప్రింగుల ముందొత్తు పెంచుకోవాలే గాని, ఆ బరువును లెక్కించి ముందు స్ప్రింగు గట్టిపరచకూడదు. ట్యాంకు మీద పెట్టే సంచిని మాత్రం ముందు లెక్కలో చేర్చాలి.

5.3 చుట్ల అమరిక చూడాలి. కొన్ని స్ప్రింగులలో ఒక చివర చుట్లు దగ్గరగా, మరొక చివర దూరంగా ఉంటాయి. దగ్గర చుట్లు ముందుగా ఒకదానికొకటి ఆనుకోవడం వల్ల పనిచేసే చుట్లు తగ్గి, లోపలికి దిగేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. వేర్వేరు బరువులకు సర్దుకోవడం దీని సౌలభ్యం. ఒకే దృఢత గల స్ప్రింగు లెక్కకు లొంగుతుంది; ఒకే చోదకుడు నడిపే బండికి నప్పుతుంది.

5.4 మార్పు జంటగా జరగాలి. రెండు స్ప్రింగులూ ఒకే రకంవి, ఒకే పొడవువి కావాలి. బండికి తగిన గట్టి స్ప్రింగు దొరకనప్పుడు ఉన్నదాని చుట్లు కత్తిరించి, తగ్గిన పొడవుకు సరిగ్గా గొట్టపు ముక్క చేర్చే పద్ధతి ఒకటుంది. పై ఉదాహరణలోని మార్పుకు 50 చుట్ల స్ప్రింగులో 6 చుట్లు తీస్తే చాలు. అయితే కోసిన అంచు సమతలంగా ఉండాలి. ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు మిగిలిన చుట్లు ఒకదానికొకటి ఆనుకొని గడ్డకట్టకూడదు. ఈ పరీక్షలు చేయగల నిపుణుడు లేనిచోట కత్తిరించడం మంచిది కాదు.

5.5 స్ప్రింగు తరువాతే నూనె. గట్టి స్ప్రింగు మరింత బలంగా తిరిగి సాగుతుంది గనుక అవరోధం కొద్దిగా పెంచవలసి రావచ్చు. నూనె మట్టం పెంచితే పైన గాలికి చోటు తగ్గి, చివరి కదలికలో అది అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది. ఇది అడుగంటడాన్ని తగ్గిస్తుంది, కానీ మట్టం హద్దు మీరితే సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

5.6 ఫోర్కు మూత కింద స్ప్రింగు నొక్కుకొని ఉంటుంది. ముందు చక్రాన్ని నేల నుంచి లేపకుండా, బండిని స్థిరంగా నిలపకుండా మూత విప్పడం ప్రమాదకరం. మూత ఎగిరి ముఖానికి తగలవచ్చు, బండి ముందుకు కూలవచ్చు.

6. మాటల లేమి – పని లోపం:

ఇంత చిన్న యంత్రభాగాన్ని గురించి తెలుగు పరిశోధకులు ఎందుకు పట్టించుకోవాలన్న ప్రశ్న సహజం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. నాగలిలోని, మగ్గంలోని ప్రతి భాగానికీ, ప్రతి పనికీ విడివిడి మాటలున్నాయని అవి నిరూపించాయి. రైతుకు, నేతగానికి ఆ మాటలు అలంకారాలు కావు; ఏ భాగాన్ని సరిచేయాలో ఎదుటివానికి చెప్పే సాధనాలు.

మోటారు మరమ్మతు కూడా ఇప్పుడు లక్షలాది తెలుగువారి వృత్తి. గాజువాక ఆటోనగర్ మొదలుకొని సీతమ్మధార వీధి మూల దుకాణం దాకా ఆ వృత్తికి తనదైన పరిభాష ఉంది. భాగాల పేర్లలో ఆ పరిభాష కచ్చితమైనది. ఆయిల్ సీలు, బుష్షు, వాషరు, కోన్ సెట్టు వంటి మాటలలో సందిగ్ధత లేదు. లోపమున్నది గుణాల పేర్లలో. ‘టైట్’, ‘లూజ్’, ‘హార్డ్’ అనేవి చేతికి తెలిసే అనుభూతిని చెబుతాయి గాని, దాని కారణాన్ని విడదీయవు.

మరోవైపు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా బల స్థిరాంకం, స్థితిస్థాపకత, అవరుద్ధ డోలనం వంటి మాటలు తరగతి గదికి చేరాయి. అవి కచ్చితమైనవే. కానీ పరీక్ష తరువాత అవి దుకాణం గడప దాటలేదు. ఒకే యువకుడు ఇంటర్మీడియట్‌లో హుక్ నియమం రాసి, తరువాత మెకానిక్కుగా ముందొత్తును దృఢతగా భావించడంలో వైరుధ్యం లేదు. అవి రెండు భాషలు. వాటి మధ్య వంతెన లేదు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో ఇనుప తీగ కడ్డీలను చుట్టే మిల్లే ఉన్న నగరంలో, చుట్టిన తీగ గుణాన్ని చెప్పే వాడుక మాట లేకపోవడం ఆలోచించవలసిన విషయం.

ఈ వ్యాసంలో వాడిన దృఢత, ముందొత్తు, కుంగుడు, అవరోధం, అడుగంటడం అనే మాటలు ప్రతిపాదనలే. వీటిలో ‘కుంగడం’, ‘అడుగంటడం’ అప్పటికే జనవ్యవహారంలో ఉన్న క్రియలు; అర్థాన్ని కొద్దిగా నిర్దిష్టం చేస్తే చాలు. దుకాణంలో ‘ప్రీలోడ్’ అన్న మాటే నిలిస్తే దానివల్ల నష్టం లేదు. మూడు భావనలకు మూడు మాటలు ఉండడం ముఖ్యం. అవి ఏ భాషవన్నది తరువాతి ప్రశ్న.

7. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. చోదకుని బరువుకు తగినట్లు మారవలసింది ప్రధానంగా స్ప్రింగు దృఢత. ముందొత్తు బండి నిలిచే ఎత్తును, అవరోధం కదలిక వేగాన్ని మాత్రమే నిర్ణయిస్తాయి.
2. ఎంపికకు చోదకునితోనూ, చోదకుడు లేకుండానూ తీసిన రెండు కుంగుడు కొలతలు ఆధారం కావాలి.
3. దృఢతలో మార్పు చోదకుల బరువుల నిష్పత్తిని కాక, ముందు భారాల నిష్పత్తిని అనుసరించాలి.
4. ‘టైట్’ అనే ఒకే మాట ఈ మూడు భావనలనూ కప్పివేయడం వల్ల తప్పుడు మరమ్మతు జరుగుతోంది. దాని ఫలితం బ్రేకు వేసిన క్షణంలో చోదకుని భద్రత మీద పడుతోంది.
5. మోటారు మరమ్మతు పదాలను దుకాణాలలోనే సేకరించి, భాగాల పేర్లతో పాటు గుణాల పేర్లను కూడా నమోదు చేసే వృత్తి పదకోశం రావలసి ఉంది. ఐ.టి.ఐ. అధ్యాపకులు, భౌతికశాస్త్ర అధ్యాపకులు, తెలుగు పరిశోధకులు కలిసి చేయదగిన పని ఇది.

ఆ పని జరిగేలోగా ప్రతి చోదకుడూ చేయగలిగింది ఒకటుంది. దుకాణంలో “టైట్ చేయండి” అనడానికి బదులు, “నేను కూర్చుంటే ఇంత కుంగుతోంది, బండి మాత్రమే అయితే ఇంత కుంగుతోంది” అని రెండు అంకెలు చెప్పడం. ఆ రెండు అంకెలతో చోదకుడూ మెకానిక్కూ ఒకే విషయం గురించి మాట్లాడుకోవడం మొదలవుతుంది.